దాళ్వా నీటి వంతుల మీద పీహెచ్‌డీ చేస్తున్నా, ఏహెచ్‌పీ తెలిసినవాళ్ళు కాస్త సాయం చెయ్యండి

అందరికీ నమస్కారమండి. ధవళేశ్వరం బ్యారేజీ కింద దాళ్వాకి (రబీ వరికి) నీళ్ళు తక్కువైనప్పుడు వంతులవారీగా వదులుతారు కదా, ఆ వంతు ముందు ఎవరికి పడాలన్నదాని మీద ఆపరేషన్స్ రీసెర్చ్‌లో (లెక్కలు కట్టి నిర్ణయాలు తేల్చే శాస్త్రం) పని చేస్తున్నానండి. పంట దశ, శివారు దూరం (చేను కాలవ చివరికి ఎంత దూరాన ఉందో), నేల తీరు ఇలా 6 అంశాలు పెట్టుకుని శాటీ గారి ఏహెచ్‌పీలో (రెండేసి అంశాలు పోల్చి, ఏది ఎంత ముఖ్యమో 1 నుంచి 9 దాకా అంకె వేయించి, దాన్నిబట్టి వెయిట్స్ కట్టే పద్ధతి) జతలు జతలుగా అడుగుతుంటే 15 ప్రశ్నలవుతున్నాయి, కాలవ గట్టు మీద నిలబెట్టి అన్ని అడిగితే ఎవరు మాత్రం చెప్తారండి, సగంలోనే "ఏదోటి రాసేస్కోండి బాబూ" అంటున్నారు, దాంతో కన్సిస్టెన్సీ రేషియో (జవాబులు ఒకదానితో ఒకటి ఎంత పొసగట్లేదో చూపే అంకె) హద్దయిన 0.1 దాటేస్తోంది. 2015లో రెజాయి గారు పెట్టిన బెస్ట్ వర్స్ట్ పద్ధతైతే (అన్నిటికంటే ముఖ్యమైనదాంతో, అన్నిటికంటే తక్కువదాంతో మాత్రమే మిగతావి పోల్చేది) 9 ప్రశ్నలతో అయిపోద్ది, మధ్యలో దానికి మారొచ్చా?

అసలు బాధ ఇంకోటి. పంట దశ కంటే శివారు దూరమే ముఖ్యమని శివారు రైతు 9 వేస్తాడు, కాలవ మొదట్లో ఉన్నాయన సరిగ్గా తిరగేసి 1/9 వేస్తాడు, జామెట్రిక్ మీన్ (రెండూ గుణించి వర్గమూలం) తీస్తే 1 వస్తది. అంటే రెండూ సమానమే అన్నట్టు! ఇద్దరిలో ఒక్కళ్ళు కూడా ఆ మాట అన్లేదు. పొట్ట మీదున్న (కంకి ఇంకా బయటికి రాని) చేను నెర్రెలిచ్చేసిన రైతు మాట అలా సగటులో పోవడం నాకు అన్యాయంగానే అనిపిస్తోందండి. రెండు గుంపులకీ విడివిడిగా వెయిట్స్ కట్టి చూపిస్తే పరీక్షకులు ఒప్పుకుంటారా? ఇలా చేసినవాళ్ళుంటే చెప్పండి, లస్కర్లుగా (కాలవ నీళ్ళు చూసుకునే సిబ్బంది) చేసినవాళ్ళు వంతులు నిజంగా ఎలా తేలేవో చెప్పినా చాలా మేలండి.