పిల్లలను ఫెయిల్ చేస్తే చదువు బాగుపడుతుందా?

జనగామ గణితోపాధ్యాయుడు

జూన్‌లో ఆరో తరగతిలో చేరిన ఒక అబ్బాయికి బడి తెరిచిన మొదటి వారంలోనే 304లోంచి 87 తీసివేయమని లెక్క ఇచ్చాను. సంఖ్యలను ఒకదాని కింద ఒకటి సరిగ్గానే వేసుకొని, జవాబు 383 అని రాశాడు. ప్రతి స్థానంలోనూ పెద్ద అంకెలోంచి చిన్న అంకెను తీసేశాడు. ఏది పైన ఉంది, ఏది కింద ఉంది అన్న ఆలోచనే లేదు. ఉన్నదాంట్లోంచి కొంత తీసేస్తే అది పెరిగిందేమిటన్న అనుమానం కూడా అతనికి రాలేదు. ఐదో తరగతి ప్రగతి పత్రంలో మాత్రం గణితానికి ‘ఏ’ గ్రేడు ఉంది.

తప్పు ఆ పిల్లవాడిది కాదు, అతనికి ‘ఏ’ ఇచ్చి పైకి పంపిన పద్ధతిది. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం ఎనిమిదో తరగతి దాకా ఎవరినీ అదే తరగతిలో నిలిపి ఉంచరాదన్నది. 2019లో ఆ చట్టాన్ని సవరించి, ఐదు, ఎనిమిది తరగతుల్లో పరీక్ష పెట్టే వీలును, తప్పినవారికి రెండు నెలల్లో మరో అవకాశం ఇచ్చి అప్పటికీ రాకపోతే ఆపే వీలును రాష్ట్రాలకు కల్పించారు. 2024 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వం తన ఆధ్వర్యంలోని బడులకు దానిని వర్తింపజేసింది. మన తెలంగాణలోనూ అది రావాలన్నది నా అభిప్రాయం.

ఒకప్పుడు ఏడో తరగతికి కామన్ పరీక్ష ఉండేది. మార్చి వచ్చిందంటే సాయంత్రం చీకటి పడేదాకా బడిలో దీపాలు వెలుగుతుండేవి. పిల్లలకే కాదు, మాకూ ఆ పరీక్షంటే భయం ఉండేది. ఇప్పుడు ఆ భయమంతా పదో తరగతికి, అక్కడి నుంచి ఇంటర్‌కు జరిగిపోయింది. 2024లో పదో తరగతిలో 91.31 శాతం మంది ఉత్తీర్ణులయ్యారు. మరుసటి ఏడాది ఇంటర్ మొదటి సంవత్సరంలో ఉత్తీర్ణత 66.89 శాతం. పన్నెండు నెలల్లో పిల్లల తెలివి అంతగా తరిగిపోదు కదా. పదిలో మనం చెప్పిన మాటలో ఎంతో కొంత అబద్ధం ఉండి ఉండాలి.

హన్మకొండ జూనియర్ కళాశాల అధ్యాపకురాలు

గణితం సార్ చెప్పిన 383 లెక్కను నేను ఇంటర్‌లోనూ చూస్తున్నాను, రూపం మాత్రమే వేరు. అయితే సార్ రెండు వేర్వేరు విషయాలను ఒకే మూటలో కట్టారు. మార్కు నిజాయితీగా వేయడం ఒకటి, తప్పినవాడిని ఏడాది పాటు ఆపడం మరొకటి. మొదటిదాని విషయంలో మీతో పూర్తిగా ఏకీభవిస్తాను, రెండోదానికి ఒప్పుకోలేను.

ఫెయిల్ చేయడమే మందు అయితే ఇంటర్ విద్య ఈపాటికి నిగనిగలాడుతూ ఉండాలి. ఏటా మూడింట ఒక వంతు మందిని తప్పిస్తున్నాం. దాని వల్ల నా కళాశాలలో భౌతికశాస్త్రం చెప్పే తీరు మారిందా అంటే, మారలేదు. తప్పినవారు మే నెలలో సప్లిమెంటరీ రాస్తారు. ఆ మధ్యలో వారికి పాఠం చెప్పేవారెవరూ ఉండరు. జిరాక్సు సెంటరులో దొరికే ముఖ్య ప్రశ్నల కట్టే వారికి గురువు. 2021లో మొదటి సంవత్సరం పరీక్షలు అక్టోబరులో జరిగి 49 శాతం మందే గట్టెక్కితే, తప్పిన వారందరికీ 35 మార్కులు వేసి ప్రభుత్వం పాస్ చేసింది. తప్పించడమూ సంతకంతోనే అయింది, పాస్ చేయడమూ సంతకంతోనే అయింది. ఆ రెంటి మధ్యా తరగతి గది అలాగే ఉండిపోయింది.

ఇక పదో తరగతిలో 20 ఇంటర్నల్ మార్కుల సంగతి. మా దగ్గర చేరే పిల్లలను అడిగితే దాదాపు అందరికీ ప్రతి సబ్జెక్టులోనూ 18, 19, 20 వచ్చినట్టు చెబుతారు. ప్రాజెక్టు పని పేరుతో ఒకే పుస్తకాన్ని నలుగురు చూసి రాసి, అట్ట మీద పేరు మార్చి ఇచ్చిన ఉదంతాలు వారే నవ్వుతూ చెబుతారు. 2024 నవంబరులో ఈ ఇంటర్నల్స్‌ను ఎత్తివేస్తున్నట్టు ప్రకటించి, వెంటనే ఆ ఏడాదికి పాత పద్ధతే కొనసాగుతుందని సవరించుకున్నారు. మార్కును నిక్కచ్చిగా వేయాలనుకుంటే మొదలుపెట్టవలసింది అక్కడే. అందుకోసం ఏ పిల్లనూ కింది తరగతిలో కూర్చోబెట్టనక్కరలేదు.

ములుగు జిల్లా నుంచి ఒక తండ్రి

నేను ఉపాధ్యాయుణ్ణి కాను, రైతును. సార్ తలచుకున్న ఏడో తరగతి కామన్ పరీక్షను మా ఇంటి వైపు నుంచి చెబుతాను. మా అన్న అందులో తప్పాడు. రెండోసారి అదే బెంచీ మీద, తనకంటే చిన్నవాళ్ల మధ్య, అదే పుస్తకంతో, అదే సార్ ముందు కూర్చున్నాడు. మొదటి ఏడు అర్థం కాని పాఠం రెండో ఏడు మాత్రం ఎందుకు అర్థమవుతుంది? దసరా సెలవుల తరువాత మళ్లీ బడి ముఖం చూడలేదు. లారీకి క్లీనరుగా వెళ్లాడు. చదువు పోయిందని ఆయన బాధపడడు, చిన్నపిల్లలు తనను ‘ఏడో తరగతి తాత’ అని పిలిచిన మాటను మాత్రం ఇప్పటికీ మరువడు.

మా వైపు పిల్లలు బడి మానే కాలం లెక్కగట్టినట్టు ఉంటుంది. దీపావళి చుట్టూ పత్తి ఏరడం, సంక్రాంతి దాటాక మిరప కోత, ఏడు విడిచి ఏడు మేడారం జాతర. కూలీలు దొరకని రోజున నా బిడ్డను నేనే చేనుకు తీసుకుపోయాను, దాచడం దేనికి? అలా పోయిన పాఠాలను ఆమెకు తిరిగి చెప్పే ఏర్పాటు లేకుండా ఏప్రిల్‌లో పరీక్ష పెట్టి ఆపేస్తే, ఆ శిక్ష నా పేదరికానికి పడినట్టే. ఆడపిల్ల విషయంలో ఇంకో భయం ఉంది. ఒక ఏడు ఆగిందంటే, ‘ఇక చాలు, సంబంధం చూద్దాం’ అనే పెద్దవాళ్లు ప్రతి ఇంట్లోనూ ఉన్నారు.

అయితే మేడమ్ చెప్పిన నిజాయితీ మార్కు మాత్రం నాకు కావాలి. ప్రగతి పత్రంలో ‘బి ప్లస్’ అని రాస్తే నాకేం తెలుస్తుంది? ‘మీ అమ్మాయికి మూడంకెల భాగహారం రాదు, తెలుగు పేరా తడబడకుండా చదవలేదు’ అని రాసి పంపండి. సంతకం చేసే ముందు దానినైతే చదువుతాను.

కాజీపేట నుంచి, విద్యా పరిశోధనలను అనుసరించే ఒకరు

ఇక్కడ అందరూ అనుభవం చెబుతున్నారు కాబట్టి, ఇదే ప్రశ్నను కొలిచి చూసిన చోట్లను నేను చెబుతాను. అమెరికాలోని చికాగో నగరం 1996లో మూడు, ఆరు, ఎనిమిది తరగతుల్లో పరీక్ష దాటనివారికి వేసవి తరగతులు పెట్టి, అప్పటికీ దాటకపోతే ఆపడం మొదలుపెట్టింది. బ్రయాన్ జాకబ్, లార్స్ లెఫ్‌గ్రెన్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు ఉత్తీర్ణత గీతకు కాస్త పైన ఉండి గట్టెక్కినవారిని, కాస్త కింద ఉండి తప్పినవారిని పోల్చి చూశారు. మూడో తరగతి పిల్లలకు వేసవి తరగతులూ ఆపడమూ కలిసి కొంత మేలు చేశాయి. ఆరో తరగతిలో ఆపినందువల్ల చెప్పుకోదగ్గ ప్రయోజనం కనబడలేదు. తరువాత వారే చేసిన మరో అధ్యయనంలో, ఎనిమిదిలో ఆగినవారు చదువు మధ్యలో మానేయడం పెరిగిందని తేలింది. అంటే ఎంత ఆలస్యంగా ఆపితే అంత నష్టం. గణితం సార్ కోరుతున్న రెండు తరగతుల్లో ఎనిమిది ఒకటి. ములుగు రైతు గారి అన్న ఆగింది ఏడులో.

గ్రేడింగ్ కఠినంగా ఉండటం వేరు, దాని ఫలితమూ వేరే. ఫ్లోరిడాలోని ఒక కౌంటీలో డేవిడ్ ఫిగ్లియో, మారిస్ లూకస్ అనేవారు ఉపాధ్యాయులు వేసిన గ్రేడును, అదే పిల్లలకు రాష్ట్ర పరీక్షలో వచ్చిన మార్కుతో సరిచూశారు. గ్రేడు పిసినారిగా వేసే ఉపాధ్యాయుల దగ్గర పిల్లలు సగటున ఎక్కువ నేర్చుకున్నారు. అయితే ఆ మేలు అందరికీ ఒకే తీరున దక్కలేదు. ఉన్నత పాఠశాలల మీద జరిగిన మరో అధ్యయనంలో అది ముందు వరుస పిల్లలకే ఎక్కువగా అందింది. కాబట్టి మేడమ్ చేసిన విభజన సరైనదే, కానీ కఠినమైన మార్కు ఒక్కటే వెనుకబెంచీని ముందుకు లాగదు.

వెనుకబెంచీని లాగినది మన దేశంలోనే ఉంది. వడోదర, ముంబై నగరాల బడుల్లో ‘బాలసఖి’ పేరుతో స్థానిక యువతులు, మూడు నాలుగు తరగతుల్లో వెనుకబడిన పిల్లలను చిన్న గుంపుగా కూర్చోబెట్టి, రోజుకు రెండు గంటలు చదవడం, లెక్కించడం మాత్రమే నేర్పారు. 2007లో ప్రచురితమైన ఫలితాల్లో ఆ పిల్లల మార్కులు స్పష్టంగా పెరిగాయి. ఎవరినీ ఆపలేదు. చిన్న తరగతుల పిల్లలకు చదవడం, లెక్కలు గట్టిగా నేర్పడానికి 2022లో మన ప్రభుత్వ బడుల్లో మొదలైన ‘తొలిమెట్టు’ కార్యక్రమం వెనుక ఉన్న ఆలోచన కూడా దీనికి దగ్గరిదే.

జనగామ గణితోపాధ్యాయుడు

ఎనిమిదో తరగతి విషయంలో నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఐదో తరగతి పరీక్ష విషయంలో మాత్రం తీసుకోను. చిన్న వయసులోనే గీత గీస్తే మేలు కనబడిందని కాజీపేటవారు చెప్పిన లెక్కలే చెబుతున్నాయి. పైగా పరీక్ష అనేది లేకపోతే ‘తొలిమెట్టు’ రిజిస్టరులో కూడా అందరూ మెట్టు ఎక్కినట్టే రాసి ఉంటుంది. నేను అలాంటి రిజిస్టర్లు నింపినవాడినే.

383 రాసిన అబ్బాయి సంగతి ముగించలేదు. కొబ్బరి ఈనెలను పదేసి కట్టలుగా కట్టించి, పది కట్టలను ఒక మోపు చేయించి, మూడు మోపులు, నాలుగు విడి ఈనెలు అతని ముందు పెట్టాను. ఏడు ఈనెలు తీయమంటే నాలుగు తీసి ఆగిపోయాడు. కట్ట విప్పాలంటే, ముందు మోపు విప్పాలన్నది అతనికి అతనే కనుక్కున్నాడు. భోజన విరామంలో రోజుకు ఇరవై నిమిషాల చొప్పున తొమ్మిది రోజులు పట్టింది. అలాంటివారు ఆ తరగతిలో పదకొండు మంది ఉన్నారు, విరామం మాత్రం ఒక్కటే.

ఇప్పుడు నా ఇబ్బంది చట్టంలో ఉన్న ఆ ‘రెండు నెలల్లో’ అన్న మాటతో. ఏప్రిల్ చివరి వారంలో ఫలితాలు వస్తాయి, బడి జూన్ రెండో వారంలో తెరుస్తారు. పిల్లవాడు నేర్చుకోవలసిన ఆ రెండు నెలలూ బడికి తాళమే ఉంటుంది. ములుగు, భూపాలపల్లి వైపు అది తునికాకు కాలం కూడా. ఆ రోజుల్లో పిల్లలు బడికి వస్తారా అన్నది ములుగు నుంచి రాసినవారే చెప్పాలి.

ములుగు జిల్లా నుంచి ఒక తండ్రి

వస్తారు. తెల్లవారుజామున ఆకు కోయడం పెద్దల పని. ఎండ ముదిరాక ఇంటికి తెచ్చి, యాభై ఆకుల చొప్పున కట్టలు కట్టేటప్పుడే పిల్లల చేతులు కావాలి. సాయంత్రం కల్లంలో అప్పగిస్తాం. పొద్దున ఏడు నుంచి పది దాకా బడి తెరిచి, వెళ్లేటప్పుడు అన్నం పెట్టి పంపితే, మా వాడ పిల్లలను నేనే తీసుకొచ్చి దింపుతాను. మే నెలలో ఆ అన్నం ఎవరు వండుతారో, సార్లకు ఆ నెల రోజుల పనికి ఏమి ఇస్తారో ముందుగా తేల్చి చెప్పండి.