నాయ్‌సమ్ అంటే చప్పుడా, కంపా?

నిఘంటుప్రియ: ఒక ఇంగ్లీషు మోడల్ పేపర్లో ‘నాయ్‌సమ్’ (noisome) అనే మాటకి సమానార్థకం అడిగారు. ఆప్షన్లు లౌడ్, ఫౌల్, క్రౌడెడ్, షార్ప్. కీలో ఫౌల్, అంటే కంపుకొట్టేది, అని ఇచ్చారు. మాటలోనే నాయిస్ ఉంది కదండీ, కీ తప్పేమో?

పదమూలం: కీ కరెక్టే. నాయిస్‌తో దీనికి ఏ చుట్టరికమూ లేదు. ‘నాయ్’, ‘సమ్’ అని విడగొట్టి చూడండి. సమ్ అంటే టైర్‌సమ్, ట్రబుల్‌సమ్‌ల చివర ఉండేదే. నాయ్ ఏమో ‘అనాయ్’ (annoy, విసిగించడం) తల తెగ్గా మిగిలిన ముక్క. అనాయ్ ఫ్రెంచి మీదుగా వచ్చింది, దాని మూలం లాటిన్ ‘ఇన్ ఓడియో’. ఓడియో అనగానే ఓడర్ గుర్తొచ్చి, అందుకే కంపు అనుకునేరు! ఓడియమ్ అంటే ద్వేషం; వాసనకి లాటిన్ మాట ఓడోర్, అది వేరు.

14వ శతాబ్దంలో పుట్టినప్పుడు నాయ్‌సమ్ అర్థం హానికరమైనది అనే. కంపు అనే అర్థం 16వ శతాబ్దంలో చేరింది. పాత అర్థం చూడాలంటే 1611 నాటి కింగ్ జేమ్స్ బైబిల్లో 91వ కీర్తన 3వ వచనం తీయండి: ‘నాయ్‌సమ్ పెస్టిలెన్స్’. తెలుగు బైబిల్లో అదే చోట ‘నాశనకరమైన తెగులు’ అని ఉంటుంది. అక్కడ కంపు ఊసే లేదు.

నిఘంటుప్రియ: మరి హాని కాస్తా కంపు ఎలా అయిందండీ?

పాతపుస్తకాలు: కుళ్లు గాలి పీలిస్తే రోగం వస్తుందని యూరప్‌లో వైద్యులే నమ్మిన కాలం అది. ముక్కుకి తగిలిందంటే ఒంటికీ ముప్పే అన్న లెక్క. నా ఉద్దేశంలో ఈ రెండు అర్థాలూ అక్కడే అతుక్కున్నాయి. మలేరియా అన్నా ఇటాలియన్‌లో చెడుగాలి అనే కదా. అది దోమ పనేనని రొనాల్డ్ రాస్ 1897లో తేల్చింది మన సికింద్రాబాద్‌లోనే.

కాపీఎడిటర్: వాడకం గురించి రెండు ముక్కలు. డీజే మోతకి, ట్రాఫిక్ హారన్లకి నాయిజీ అనే రాయాలి. నాయ్‌సమ్ పుస్తకాల మాట; మురుగు కాలవ, చర్మాల గోదాము, రసాయనాల పొగ లాంటివాటికి కుదురుతుంది. మున్సిపాలిటీకి ఇచ్చే అర్జీలో మాత్రం పెట్టకండి, చదివే గుమస్తా శబ్దకాలుష్యం ఫైల్లో పడేసినా పడేస్తాడు. అక్కడ ‘ఫౌల్ స్మెల్’ చాలు. పలికేటప్పుడు నాయిజీలో జ వినపడుతుంది, నాయ్‌సమ్‌లో స స్పష్టంగా పలకాలి.