ఆర్థడాక్సీ అంటే మూఢనమ్మకమేనా?

కృష్ణలంక కుర్రోడు:
మా చెల్లి బెంజి సర్కిల్ దగ్గర ఒక కోచింగ్‌కి వెళ్తోంది. నిన్న టెస్టులో 'ఆర్థడాక్సీ'కి అర్థం అడిగారు. 'నలుగురూ ఒప్పుకున్న నమ్మకం' అని పెట్టింది. కీలో 'మూఢనమ్మకం' అని ఉంది. మార్కు పోయింది, నెగటివ్ కూడా పడింది. సార్‌ని అడిగితే రెండూ ఒకటేనమ్మా అన్నారట. తెలిసినవాళ్లు చెప్పండి.

అరండల్‌పేట మాస్టారు:
కీ తప్పు. గ్రీకులో ఆర్థోస్ అంటే సరైనది, డోక్సా అంటే అభిప్రాయం. సంస్కృతంలో 'మతం' అన్నా అభిప్రాయమే. అభిమతం, సమ్మతం అనడం లేదూ? ఆర్థడాక్సీ అంటే పదిమందికీ సమ్మతమైన మతం. అందులో తిట్టు లేదు. మూఢనమ్మకానికి సూపర్‌స్టిషన్ అని వేరే మాట ఉంది. డాగ్మా కూడా డోక్సాకి చుట్టమే కానీ, ఇవాళ దాన్ని 'ప్రశ్నించకు, నమ్ము' అనే చోట వాడుతున్నారు. 'కన్వెన్షనల్ విజ్‌డమ్' అన్న మాటని 1958లో ఆర్థికవేత్త గాల్‌బ్రెయిత్ బాగా ప్రచారంలోకి తెచ్చాడు. నిజమో కాదో తర్వాత, వినడానికి హాయిగా ఉంది కాబట్టి చెల్లుబాటయ్యే అభిప్రాయం అన్నమాట. ఇన్ని మాటల్నీ ఒకే గాటన కట్టి పిల్లలకి చెప్పడం అన్యాయం.

బందరు రోడ్డు:
ముందు కీ ఫొటో పెట్టండి.

సత్యనారాయణపురం కోడలు:
మాస్టారూ, గ్రీకు మాకెందుకండీ? "మాది కాస్త ఆర్థడాక్స్ ఫ్యామిలీ" అని పెళ్లిచూపుల్లోనే చెప్పారు మా అత్తగారు. దాని అర్థం కాపురానికొచ్చాక తెలిసింది. నెలకి మూడు రోజులు పెరటి వరండాలో చాప, విడిగా ఒక స్టీలు కంచం, గ్లాసు. కంచం నేనే కడిగి గోడవారన బోర్లించాలి. ఇది మూఢనమ్మకం కాకపోతే ఏమిటి? నా లెక్కలో కీ కరెక్టే.

అరండల్‌పేట మాస్టారు:
అమ్మా, మీరు చెప్పింది ఆర్థడాక్స్, అది విశేషణం. అడిగింది ఆర్థడాక్సీ, నామవాచకం. మీ ఇంట్లో జరిగింది మైల పట్టింపు. దానికి మాటని తప్పుపడితే ఎలా?

సత్యనారాయణపురం కోడలు:
చాప మీద పడుకున్నదాన్ని నేను. నాకు వ్యాకరణం చెబుతున్నారా?

పటమట వాసి:
మా పేటలో గోరా గారి నాస్తిక కేంద్రం ఉంది. 1940లో ముదునూరులో పెట్టి, 1947లో బెజవాడ తెచ్చారు. భక్తితో పనిలేకుండా నిప్పుల మీద నడిపించి చూపించారు వాళ్లు. బొగ్గు నుంచి కాలికి వేడి తొందరగా ఎక్కదు, ఆగకుండా నడిస్తే కాలదు. నలుగురూ ఒప్పుకున్నంత మాత్రాన నమ్మకం నిజమైపోదు.

అరండల్‌పేట మాస్టారు:
నిజమవుతుందని నేనెక్కడ అన్నాను? అర్థం అడిగితే తీర్పు చెబుతున్నారు మీరంతా.

బందరు రోడ్డు:
ఎగ్జామ్‌లో కీ చెప్పిందే వేదం. వదిలేయండి.

సత్యనారాయణపురం కోడలు:
మూఢం అంటే మీకెందుకండీ అంత ఉలుకు?

అరండల్‌పేట మాస్టారు:
చెబుతాను. మా ఆవిడ ముప్పై ఏళ్లు కార్తీక సోమవారాలు ఉపవాసం ఉంది. ఒక సోమవారం మా అబ్బాయి అందరి ముందూ "అమ్మవి మూఢనమ్మకాలు" అన్నాడు. ఆవిడ మాట్లాడకుండా వాడికి గారెలు వేసి పెట్టింది. ఆ రాత్రి నక్షత్రం చూశాక కూడా తను తినలేదు. ఇప్పుడు ఆవిడ లేదు. ఆ మాట ఎవరు ఎవరి మీద విసిరినా నేను ఊరుకోలేను.

సత్యనారాయణపురం కోడలు:
ఆవిడ ఉపవాసం ఆవిడ ఇష్టపడి పెట్టుకున్నది మాస్టారూ. దాన్ని నేను మూఢం అనను. నా చాప నేను వేసుకున్నది కాదు. రెంటికీ ఒకటే పేరు పెట్టి గౌరవించమంటే నావల్ల కాదు.

అరండల్‌పేట మాస్టారు:
మీ చాపని గౌరవించమని నేను అనను తల్లీ. నామవాచకం, విశేషణం అన్నది తప్పే. కీ మాత్రం తప్పే అంటాను.

కృష్ణలంక కుర్రోడు:
మాస్టారూ, అబ్జెక్షన్ ఇవ్వడానికి రేపు సాయంత్రం దాకా టైముంది. ఆ డోక్సా సంగతి నాలుగు లైన్లలో రాసిస్తారా? చెల్లి పట్టుకెళ్తుంది.