ఇంటి ముందు పచ్చిక మాడుతోంది, వేప ఎండుతోంది, మామిడి కాయడం లేదు: వానల ముందు ఏ పని ఎప్పుడు చేయాలి?

ప్రశ్న (అనంతపురం నుంచి)

అందరికీ నమస్కారం. అనంతపురం శివారులో మాకు ఐదు సెంట్ల స్థలం ఉంది. ఇల్లు పోగా ముందువైపు సుమారు ఒక సెంటు మేర పచ్చిక పెంచుతున్నాము. ఒక మూల, ఇల్లు కట్టకముందు నుంచీ ఉన్న పెద్ద వేపచెట్టు ఉంది. రెండో పక్క మేము నాటిన బేనిషా మామిడి ఉంది. నీళ్లన్నీ బోరువే. ఎండలు ముదిరినప్పటి నుంచి రోజూ సాయంత్రం పైపుతో అంతటా ఒకే తీరుగా చల్లుతున్నాము. అయినా గడ్డి కొనలు మాడిపోతున్నాయి, నేల మీద తెల్లని పొర కడుతోంది, లేత ఆకుల్లో ఈనెల మధ్య పాలిపోయిన చారలు కనిపిస్తున్నాయి. వేప కిందనైతే గడ్డి దాదాపుగా లేదు. గత ఏడాది వానాకాలం చివర గోడ పక్కన కొంతమేర గడ్డి, నీళ్లు పెడుతున్నా పసుపుపచ్చబడి, చేత్తో లాగితే వేర్లు లేకుండా చాపలా లేచి వచ్చింది.

వేప సంగతి ఇంకా బాధ కలిగిస్తోంది. గత వానాకాలంలోనే కొమ్మల చివర్లు గోధుమ రంగుకు తిరిగి ఎండాయి. ఈ ఏడాది మాఘ ఫాల్గుణాల్లో కొంత చిగురు వచ్చింది గానీ పైకొమ్మలు చాలావరకు మోడుగానే ఉన్నాయి. చెట్లు కొట్టే మనిషి వచ్చి చూసి, ఇప్పుడే, ఈ రోహిణి కార్తెలోనే, చెట్టును సగానికి కొట్టేస్తే వానలకు గుబురుగా చిగురిస్తుందని చెబుతున్నాడు. మామిడికి ఆకు దండిగా ఉంది, పూత మాత్రం ఏటా అంతంతమాత్రమే.

మా అమ్మగారు రోజూ ఆ వేప నీడలోనే కూర్చుంటారు కనుక చెట్టును పోగొట్టుకోవడం మాకు ఏమాత్రం ఇష్టం లేదు. ఏ పని వానలకు ముందు చేయాలో, ఏది వానల్లో చేయాలో, దేన్ని చలికాలం దాకా ఆపాలో అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

సమాధానం (తాడిపత్రి నుంచి)

ముందుగా ఒక మాట. వేపను ఇప్పుడు సగానికి కొట్టించకండి. మిగతా సంగతులు నిదానంగా చూసుకోవచ్చు గానీ ఈ ఒక్క పని జరిగిపోతే వెనక్కి తీసుకోలేము. ఇన్నేళ్లూ ఆకుల చాటున ఉన్న కొమ్మల బెరడు ఒక్కసారిగా మే నెల ఎండకు బయటపడితే కమిలి పగులుతుంది, ఆ పగుళ్లలోంచి పుచ్చు దిగుతుంది. పైగా మోడు నుంచి వచ్చే గుబురు చిగురు బలహీనంగా అతుక్కుని ఉంటుంది, నాలుగేళ్లకు అదే గాలికి విరిగి పడుతుంది.

మీరు చెప్పిన ఇబ్బందుల్లో చాలావాటికి మూలం ఒకటేనని నాకు అనిపిస్తోంది. పచ్చికకు కావలసిన నీరు వేరు, వేపకు వేరు, మామిడికి వేరు. మీరు మూడింటికీ ఒకే పైపుతో, ఒకే వేళకు, ఒకే కొలతతో ఇస్తున్నారు. రోజూ పైపైన చల్లిన నీరు నేలలోకి నాలుగైదు సెంటీమీటర్లు కూడా దిగకముందే ఎండకు ఆవిరైపోతుంది. అందులో కరిగి ఉన్న ఉప్పులు మాత్రం అక్కడే మిగిలిపోతాయి. మన బోర్లలో ఉప్పుశాతం ఎక్కువ కాబట్టి ఆ తెల్లని పొర త్వరగా కడుతుంది. గడ్డి వేర్లు కూడా తడి ఉన్నంత మేరకే, పైపైనే పాకుతాయి కనుక ఒక్కరోజు కరెంటు లేక నీళ్లు తప్పినా కొనలు మాడతాయి.

లెక్క సులభం. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు నీరు పడితే అది ఒక లీటరు. సెంటు అంటే దాదాపు 40 చదరపు మీటర్లు కనుక 20 మిల్లీమీటర్ల తడికి సుమారు 800 లీటర్లు పడతాయి. రోజూ కొద్దికొద్దిగా చల్లడం మాని, నాలుగైదు రోజులకు ఒకసారి, తెల్లవారుజామున, ఈ 800 లీటర్లను రెండు విడతలుగా, మధ్యలో అరగంట ఆగి పెట్టండి. అలా ఆపితే ఎర్రనేల మీద నీరు పారిపోకుండా లోపలికి ఇంకుతుంది. తరువాత పొడవాటి స్క్రూడ్రైవరును నేలలో గుచ్చి చూడండి. అది 15 సెంటీమీటర్లు తేలికగా దిగితే తడి చాలినట్టు. దిగకపోతే ఇంకొంచెం పెట్టాలి. వానలు వచ్చేదాకా గడ్డిని నాలుగైదు సెంటీమీటర్ల కంటే పొట్టిగా కత్తిరించవద్దు, ఒక్కసారికి మూడోవంతుకు మించి తీయవద్దు. ఈ ఎండల్లో యూరియా అసలే చల్లవద్దు.

తెల్లపొరకు జిప్సం వేయమని ఎవరైనా చెబుతారు. జిప్సం పనిచేసేది సోడియం వల్ల చౌడైన నేలలోనే, అంటే పరీక్షలో ఉదజని సూచిక (pH) 8.5 దాటినప్పుడే. మామూలు ఉప్పులు పేరుకుంటే అది ఉపయోగపడదు, మంచినీటితో కిందికి దింపడమే మార్గం. కాబట్టి సంచి కొనేముందు మట్టి, బోరు నీరు రెండింటినీ పరీక్ష చేయించండి. ఎక్కడ చేస్తారో రెడ్డిపల్లి కృషి విజ్ఞాన కేంద్రంలో అడిగితే చెబుతారు.

ఇక వేప కింద గడ్డి కోసం ఇంత శ్రమ పడవలసిన అవసరం లేదు. గరిక జాతి గడ్డికి రోజంతా ఎండ కావాలి, నీడలో అది బతకదు. నీడ పడే మేరంతా గడ్డి తీసేసి, వేరుశనగ పొట్టు అరచేయి మందాన పరవండి. మన జిల్లాలో అంత చవకగా దొరికే కప్పు మరొకటి లేదు. మొదలు చుట్టూ మాత్రం జానెడు ఖాళీ వదలాలి, లేకపోతే తడికి బెరడు మెత్తబడి చెదలు ఎక్కుతాయి. అమ్మగారు కూర్చునే చోటు కూడా చల్లగా ఉంటుంది.

సమాధానం (కడప నుంచి)

వేప గురించి మాత్రమే రాస్తున్నాను. మీరు వర్ణించిన ఎండు 2021 ప్రాంతంలో తెలంగాణలోనూ మన రాయలసీమలోనూ ఊరూరా కనిపించినదే. అప్పుడు వేపకు ఆయువు తీరిందని జనం భయపడ్డారు. టీ దోమ అనే చిన్న పురుగు లేత కొమ్మల్లో రసం పీలుస్తుంది. ఫోమాప్సిస్ అజాడిరక్టే అనే శిలీంధ్రం కొమ్మలను చివరి నుంచి వెనక్కి ఎండబెట్టుకుంటూ వస్తుంది. రెండూ కలిసినప్పుడు చెట్టు మొత్తం మాడినట్టు అగుపిస్తుంది. అయితే ఈ ఎండు సాధారణంగా వానాకాలంలో మొదలై చలికాలం దాకా కొనసాగుతుంది, ఆ తరువాత చాలా చెట్లు మళ్లీ చిగురిస్తాయి. మీ చెట్టు ఈసారి కొంతైనా చిగురించిందంటే అది పోరాడుతున్నట్టే లెక్క.

మోడుగా ఉన్న కొమ్మ మీద బెరడును గోటితో కొద్దిగా గీరి చూడండి. లోపల ఆకుపచ్చగా, తడిగా ఉంటే ఆ కొమ్మ బతికి ఉన్నట్టు, దాన్ని ముట్టవద్దు. గోధుమ రంగులో పొడిగా ఉంటే చచ్చినట్టు. కొమ్మ చివర నుంచి మొదలువైపు అలా గీరుకుంటూ వస్తే ప్రాణం ఎక్కడ మొదలవుతుందో తెలుస్తుంది. దానికి అరచేయి కిందికి, పచ్చి భాగంలో కోయాలి. ఈ పని వానలు రాకముందే, పొడి వాతావరణంలో ముగించడం మంచిది, ఎందుకంటే తడిలో కోసిన గాయాల మీదికి శిలీంధ్రం సులభంగా చేరుతుంది. ఇది సగానికి నరకడం కాదు, చచ్చిన కొమ్మలను మాత్రమే తీయడం. తీసిన కొమ్మలను చెట్టు కింద కుప్ప వేయకుండా దూరంగా తీసుకెళ్లి కాల్చివేయాలి.

బరువైన కొమ్మను ఒక్క కోతతో తీస్తే అది విరిగి పడేటప్పుడు మొదలు దాకా బెరడును చీల్చుకుంటూ పోతుంది. అందుకని మొదలుకు మూరెడు దూరంలో ముందు కింది నుంచి మూడోవంతు కోసి, తరువాత దానికి కొంచెం అవతల పై నుంచి కోసి బరువు దింపాలి. మిగిలిన ముక్కను ఆఖరున, కొమ్మ మొదట్లో ఉబ్బెత్తుగా ఉండే భాగాన్ని వదిలి, దాని అంచున కోయాలి. గాయం మానేది ఆ ఉబ్బెత్తు నుంచే.

కోసిన చోట శిలీంధ్రం చేరకుండా బోర్డో పేస్టు పూయండి. 100 గ్రాముల మైలుతుత్తం (కాపర్ సల్ఫేటు) అర లీటరు నీటిలో, 100 గ్రాముల సున్నం మరో అర లీటరులో వేరుగా కలిపి, రెండింటినీ ఒకటి చేయాలి. ఇనుప బకెట్టు పనికిరాదు, ప్లాస్టిక్కుదో మట్టిదో కావాలి. కలిపిన దానిలో చాకు ముంచితే రాగి రంగు అంటుకుంటున్నదంటే సున్నం చాలలేదని అర్థం. ఏ రోజు కలిపింది ఆ రోజే వాడాలి.

అంత పెద్ద చెట్టు మీద మందు కొట్టించడం నేను సమర్థించను. అందదు, ఖర్చు ఎక్కువ, కింద మనుషులు కూర్చుంటారు. లేత మొక్కలైతే వేరు సంగతి. పూత సమయంలో మాత్రం దేని మీదా కొట్టకూడదు. ఆ పూతను ఉగాది పచ్చడిలో వేసుకుంటాము, తేనెటీగలు కూడా దాని మీదే ఉంటాయి.

అడిగినవారి మాట (అనంతపురం నుంచి)

తాడిపత్రి వారికి, కడప వారికి కృతజ్ఞతలు. గీరి చూశాము. పైకొమ్మల్లో సగం పొడిగానే ఉన్నాయి, పెద్ద కొమ్మలన్నీ లోపల ఆకుపచ్చగా ఉన్నాయి. అమ్మగారికి చెబితే ఎంతో ఊరట పడ్డారు. గోడ పక్కన లేచి వచ్చిన గడ్డి గురించి, మామిడి గురించి కూడా తెలిసినవారు చెప్పగలరా? మరొక సంగతి: వేప కొమ్మ ఒకటి వీధి కరెంటు తీగల దాకా వెళ్లింది.

సమాధానం (కళ్యాణదుర్గం నుంచి)

మాది వేరుశనగ పండించే కుటుంబం కాబట్టి మీ గోడ పక్క గడ్డి లక్షణం చదవగానే గుర్తుపట్టాను. అది వేరుపురుగు. చేలో వేరుశనగ వేర్లు కొరికేది, మీ ఇంట్లో గడ్డి వేర్లు కొరికేది ఒకటే. వచ్చే వానాకాలంలో మళ్లీ అలా కనిపిస్తే, పసుపుపచ్చబడిన చోటు అంచున అడుగు పొడవు, అడుగు వెడల్పున, బెత్తెడు లోతు తవ్వి చూడండి. తెల్లగా, గోధుమ రంగు తలతో, వంపు తిరిగి పడుకున్న పురుగులు కనిపిస్తాయి.

దీనికీ మీ వేపకూ సంబంధం ఉంది, అందుకే ఇది మీకు తప్పక చెప్పాలనిపించింది. తొలకరిలో మొదటి గట్టి వాన పడిన సాయంత్రం, చీకటి పడే వేళకు, తల్లి పెంకు పురుగులు నేలలోంచి బయటికి వచ్చి వేప ఆకుల మీద వాలుతాయి. రాత్రంతా ఆకు తిని, జతకట్టి, తెల్లవారకముందే నేలలోకి దిగి గుడ్లు పెడతాయి. మృగశిర కార్తె వాన తరువాత నాలుగైదు సాయంత్రాలు మీరు టార్చి పట్టుకుని చెట్టు కింద నిలబడి, అందిన కొమ్మలను కర్రతో కదిలించండి, పురుగులు టపటపా రాలతాయి. వాటిని ఏరి కిరోసిన్ కలిపిన నీటిలో వేయండి. చుట్టుపక్కల ఇళ్లవారు కూడా చేస్తే ఇంకా మంచిది. అప్పుడు ఏరిన ఒక్కొక్క తల్లి పురుగుతో ఆగస్టులో కనిపించవలసిన పిల్లలన్నీ పోయినట్టే. పూర్తిగా మాగని పేడ ఎరువును పచ్చికలో వేయకండి, అందులో ఈ పురుగు పిల్లలు, చెదలు, కలుపు గింజలు అన్నీ వస్తాయి. చెరువు మట్టి తోలించుకున్నా చూసి తోలించుకోండి, దానితో తుంగ గడ్డలు వస్తే వదిలించుకోవడం కష్టం. తుంగ ఆకు పీకితే పోదు, వాన తడిలో పలుగుతో గడ్డతో సహా తవ్వి తీయాలి.

లేత ఆకుల్లో పాలిపోయిన చారలు ఇనుపధాతువు లోపం కావచ్చు. సున్నం ఎక్కువ ఉన్న నేలలో వేరుశనగకూ ఇదే వస్తుంది. మేము లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేటు), 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి సాయంత్రం పూట చల్లుతాము. మీరు ముందుగా ఒక చిన్న ముక్క మీద చల్లి వారం చూసి, రంగు తిరిగితే మిగతా దానికి చల్లండి. ద్రావణం అప్పటికప్పుడు కలుపుకోవాలి, నిలవ ఉండి ఎర్రబడిన అన్నభేది పనిచేయదు. సిమెంటు గచ్చు మీద పడితే తుప్పు మరకలు పోవు కనుక అంచుల్లో జాగ్రత్త.

సమాధానం (గుత్తి నుంచి)

తీగల దాకా వెళ్లిన కొమ్మను మీరుగానీ, మీ కూలీగానీ ముట్టవద్దు. విద్యుత్ కార్యాలయంలో రాసి ఇచ్చి, సరఫరా ఆపించిన తరువాతే కోయించాలి. పచ్చికొమ్మ తీగకు తగిలితే దాని మీదుగా కరెంటు వస్తుంది. మరొకటి, ఎవరి మాట విని అయినా చెట్టునే తీసేయాలనుకుంటే, 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం ఒకటి ఉందని గుర్తుంచుకుని ముందుగా నగరపాలక కార్యాలయంలో అనుమతి సంగతి కనుక్కోవాలి.

మళ్లీ తాడిపత్రి నుంచి

మామిడి ప్రశ్నకు జవాబు కూడా నీటిలోనే ఉంది. మామిడి పూతకు రావాలంటే కోత ముగిశాక పెరిగిన కొమ్మలు ముదిరి, చలికాలం ముందు కొంతకాలం నేల ఆరి ఉండాలి. మీరు పచ్చిక కోసం అక్టోబరు, నవంబరు, డిసెంబరుల్లో కూడా దాని పాదులో తడి పెడుతూ ఉంటే చెట్టు ఆకే వేస్తుంది గానీ పూత వేయదు. కాబట్టి కొమ్మలు పరచుకున్నంత మేర గడ్డి తీసి, పచ్చిక నీరు అటు పారకుండా జానెడు ఎత్తు కట్ట వేయండి. అక్టోబరు చివరి నుంచి పూత వచ్చేదాకా నీరు ఆపండి. పిందెలు బఠాణీ గింజంత అయ్యాక మళ్లీ మొదలుపెట్టండి. అప్పుడు కూడా నీరు మొదట్లో పోయకుండా, మధ్యాహ్నపు నీడ అంచు పడే చోట గుండ్రంగా కాలువ తీసి అందులో పెట్టండి, నీరు తాగే వేర్లలో ఎక్కువ భాగం అక్కడే ఉంటాయి. ఎండు కొమ్మలు, లోపలికి దూసుకొచ్చిన కొమ్మలు కాయ కోసిన వెంటనే, జూన్, జూలైల్లో తీయాలి. సంక్రాంతికి అటూ ఇటూ కత్తి పెడితే పూతనే కోసేసినట్టు.

మన ప్రాంతానికి ఏడాదికి పడే వాన సుమారు 550 మిల్లీమీటర్లు, అందులో మంచి వానలు సెప్టెంబరు, అక్టోబరుల్లోనే. 100 చదరపు మీటర్ల మిద్దె మీద 10 మిల్లీమీటర్ల వాన పడితే, వృథా పోగా 800 లీటర్ల దాకా చేతికి వస్తుంది, అందులో ఉప్పు ఉండదు. మిద్దె గొట్టాలను ఈ నెలలోనే పచ్చిక వైపు తిప్పి పెట్టండి, మొదటి వాన దుమ్ము నీటిని మాత్రం బయటికి వదిలేయండి. ఆ నీరు రెండు మూడు సార్లు బాగా నిలిచి ఇంకితే తెల్లపొర చాలావరకు కిందికి దిగిపోతుంది. బోసిపోయిన చోట కొత్త గడ్డి పిలకలు నాటడం ఆ తరువాతే, జూలై చివర నుంచి సెప్టెంబరు లోపల చేయండి. అప్పుడే మాగిన ఎరువు, ఇసుక, ఎర్రమట్టి సమంగా కలిపి, గడ్డి కొనలు మునగకుండా పలుచగా చల్లవచ్చు. డిసెంబరు, జనవరి చలికి గరిక పెరుగుదల తగ్గి రంగు మందగిస్తుంది, దాన్ని చూసి నీళ్లు పెంచవద్దు. ఆ రెండు నెలలు పది రోజులకు ఒక తడి సరిపోతుంది.