గాలే లేని చోట సౌర గాలిని ఎలా కొలుస్తారు?

ఉరవకొండ గాలిమర (అనంతపురం)

అందరికీ నమస్తే. నేను ఉరవకొండ వైపు గాలిమరల మెయింటెనెన్స్‌లో పన్నెండేళ్లుగా ఉన్నాను. ప్రతి మర నెత్తిన గాలి వేగం కొలిచే మీటరు ఉంటుంది, మూడు చిన్న గిన్నెలు గిర్రున తిరిగేది, పక్కనే గాలి ఎటు నుంచి వస్తుందో చూపే రెక్క. ఆషాఢం గాలికి దుమ్ము పట్టి బేరింగ్ బిగుసుకుంటే పైకెక్కి మార్చేది మేమే. మొన్న ఒక పాత మీటరు ఇంట్లో విప్పి చూస్తుంటే తొమ్మిదో తరగతి చదివే మా పాప అడిగింది, "నాన్నా, ఆదిత్య ఎల్1 సౌర గాలిని కొలుస్తాది కదా, దానికీ ఇట్లాంటి గిన్నెలే పెట్టినారా?" అని.

నాకు జవాబు తెలియలేదు. ఆదిత్య ఎల్1 అంటే సూర్యుణ్ణి పరిశీలించడానికి ఇస్రో పంపిన నౌక అని తెలుసు, సౌర గాలి సెకనుకు 400 కిలోమీటర్లు అని చదివాను. మా మరలు సెకనుకు 25 మీటర్లు దాటితేనే ఆపేస్తాం. అంత వేగానికి ఏ గిన్నె నిలుస్తుంది? అసలు అక్కడ గాలే లేదు కదా, మరి కొలిచేది దేన్ని? తెలిసినవాళ్లు పాపకు చెప్పగలిగేలా చెప్పండి.

కడప ఫిజిక్స్ మాస్టారు

అన్నా, ఆ గిన్నెలు అక్కడ పెడితే విరగడం కాదు, అసలు కదలవు. కారణం చెప్తాను. మనం పీల్చే గాలిలో ఒక ఘన సెంటీమీటరులో, అంటే పాచిక అంత చోటులో, సుమారు రెండున్నర లక్షల కోట్ల కోట్ల అణువులు ఉంటాయి. సౌర గాలి అంటే సూర్యుడి నుంచి ఆగకుండా ఎగిరొచ్చే విద్యుదావేశ కణాలు. భూమి దగ్గర అంతే చోటులో ఉండేది మామూలుగా ఐదో పదో ప్రోటాన్లు, వాటికి సరిపడా ఎలక్ట్రాన్లు. వేగం ఎంత ఉన్నా సరుకు లేదు. మీ కొండ మీద సెకనుకు 10 మీటర్ల గాలి తోసే తోపుతో పోలిస్తే సౌర గాలి తోపు వేల కోట్ల రెట్లు తక్కువ.

కాబట్టి తోపును నమ్ముకుంటే పని జరగదు. ఆ కణాలకు విద్యుదావేశం ఉంది, దాన్ని పట్టుకుంటారు. మీ పాప అన్నట్టు గిన్నె కూడా ఉంది, పేరు ఫారడే కప్పు. ఇది తిరగదు. లోహపు కప్పు, దాని మూతికి సన్నని తీగల జల్లెడలు, అడుగున కణాలు వచ్చి పడే పలక. ఒక జల్లెడకు పాజిటివ్ వోల్టేజి పెడితే ప్రోటాన్లను వెనక్కి తోస్తుంది. సెకనుకు 400 కిలోమీటర్ల ప్రోటాన్‌ను ఆపాలంటే సుమారు 835 వోల్టులు కావాలి. 800 కిలోమీటర్లదైతే రెట్టింపు కాదు, నాలుగింతలు, ఎందుకంటే శక్తి వేగం వర్గాన్ని బట్టి ఉంటుంది (గాలిమరల లెక్కలు చూసేవారికి ఇలాంటిది కొత్త కాదు). వోల్టేజిని మెట్టుమెట్టుగా పెంచుకుంటూ పోతారు, ఏ మెట్టు దగ్గర పలక మీది కరెంటు పడిపోయిందో చూస్తారు, అక్కడి నుంచి వేగం లెక్క తేలుతుంది. ఎంత కరెంటు వచ్చిందన్నదాన్ని బట్టి ఎన్ని కణాలో, ఎంత మెల్లగా పడిపోయిందన్నదాన్ని బట్టి ఎంత వేడో తెలుస్తాయి. ఒకే కప్పు మూడు పనులు చేస్తుంది.

కరెంటు ఎంత అనుకుంటున్నారు? చదరపు సెంటీమీటరుకు సెకనుకు సుమారు 20 కోట్ల ప్రోటాన్లు పడతాయి, వినడానికి ఎక్కువే, కానీ అది ఆంపియర్‌లో మూడు వేల కోట్లవ వంతు. పైగా ఎండ పడి లోహం నుంచి ఎలక్ట్రాన్లు లేచి లెక్క చెడగొడతాయి. అందుకే జల్లెడ వోల్టేజిని అటూ ఇటూ ఊపుతూ, ఆ ఊపుతో పాటు మారే కరెంటును మాత్రమే లెక్కలోకి తీసుకుంటారు. ఎండ వల్ల వచ్చేది ఊగదు కాబట్టి పక్కకు పోతుంది. ఈ ఉపాయం నాకు ఎంత ఇష్టమో చెప్పలేను, ప్రతి ఏడూ క్లాసులో బోర్డు మీద గీసి చూపిస్తాను.

కర్నూలు ఎమ్మెస్సీ

మాస్టారు చెప్పింది నాసా వాళ్ల విండ్, డిస్కవర్ లాంటి నౌకల్లో ఉన్న పద్ధతి. 1994లో పంపిన నౌకకు విండ్ అనే పేరు పెట్టారు, మీ పాపకు నచ్చుతుంది. మన ఆదిత్యలో ఉన్నది కొంచెం వేరే. ఆస్పెక్స్ అనే పేలోడ్‌లో స్విస్ అనే పరికరం ఉంది, అహ్మదాబాద్ పీఆర్‌ఎల్ (ఫిజికల్ రీసెర్చ్ లేబొరేటరీ) వాళ్లు చేశారు. ఇందులో వంపు తిరిగిన రెండు పలకల మధ్య సన్నని సందు ఉంటుంది, పలకలకు వోల్టేజి. సరైన శక్తి ఉన్న కణమే ఆ వంపు తిరిగి అవతలికి వస్తుంది. వేగం ఎక్కువైతే బయటి గోడకు, తక్కువైతే లోపలి గోడకు కొట్టుకుంటుంది. బైక్ మీద ఘాట్ రోడ్డు మలుపు తిరిగినవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. తిరువనంతపురంలోని ఇస్రో కేంద్రం వీఎస్‌ఎస్‌సీలో చేసిన పాపా అనే పరికరం ఎలక్ట్రాన్లను కూడా కొలుస్తుంది. ఆదిత్య 2023 సెప్టెంబరు 2న శ్రీహరికోట నుంచి వెళ్లి, 2024 జనవరి 6న ఎల్1 చుట్టూ కక్ష్యలోకి చేరింది. ఎల్1 అంటే భూమికీ సూర్యుడికీ మధ్య ఉన్న ఒక బిందువు, ఇక్కడి నుంచి 15 లక్షల కిలోమీటర్లు.

ఇంకో ముచ్చట. హీలియం కేంద్రకం బరువు ప్రోటాన్‌కు నాలుగింతలు, ఆవేశం రెండింతలు. అందుకే రెండూ ఒకే వేగంతో వచ్చినా హీలియం శిఖరం సరిగ్గా రెట్టింపు వోల్టేజి దగ్గర కనిపిస్తుంది. గ్రాఫ్‌లో పెద్ద కొండ పక్కన చిన్న కొండ.

సౌర గాలి ఉందని 1958లో యూజీన్ పార్కర్ రాస్తే సమీక్షించిన ఇద్దరూ వద్దన్నారు. ఆ పత్రిక ఎడిటర్ మన ఖగోళ శాస్త్రవేత్త సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్. ఆయనకూ నమ్మకం కుదరలేదు, కానీ లెక్కల్లో తప్పు దొరకలేదని అచ్చు వేయించారు. 1962లో శుక్రుడి వైపు వెళ్లిన మారినర్ 2 దారి పొడవునా కొలిచి చూస్తే గాలి ఒక్కరోజు కూడా ఆగలేదు.

ఉరవకొండ గాలిమర (అనంతపురం)

ఇద్దరికీ చాలా థాంక్స్. మలుపు సంగతి పాపకు చెప్తే వెంటనే పట్టుకుంది. ఇంకో రెండు డౌట్లు. మా మర మీద మీటరు రెక్కల వెనకాల ఉంటుంది, రెక్కలు కోసిన గాలినే అది చూస్తుంది కాబట్టి అసలు లెక్క కోసం దూరంగా వేరే స్తంభం పాతి దాని మీద కొలుస్తాం. నౌక కూడా తన చుట్టూ ఉన్నదాన్ని చెడగొట్టదా? మరి దిక్కు ఎలా తెలుస్తుంది?

కడప ఫిజిక్స్ మాస్టారు

ఈ ప్రశ్న పని చేసే మనిషే అడగగలడు. చెడగొడుతుంది, ముఖ్యంగా అయస్కాంత క్షేత్రం విషయంలో. నౌకలోని వైర్లలో పారే కరెంటుకే సొంత క్షేత్రం ఉంటుంది, కొలవాల్సినదేమో భూమి మీది క్షేత్రంలో వేల వంతుల్లో ఒకటి. అందుకే ఆదిత్యకు 6 మీటర్ల కడ్డీ ఉంది, మీ స్తంభం లాంటిదే. ప్రయోగం అప్పుడు మడిచి ఉంచి 2024 జనవరి 11న చాచారు. చివర ఒక సెన్సర్, మధ్యలో 3 మీటర్ల దగ్గర ఇంకొకటి. నౌక క్షేత్రం దూరం పోయేకొద్దీ తగ్గుతుంది కదా, రెండింటి తేడా చూసి నౌక వంతు ఎంతో తీసేస్తారు.

దిక్కుకు డిస్కవర్‌లో పలకను మూడు ముక్కలు చేశారు, ఏ ముక్క మీద ఎక్కువ కరెంటు పడిందో చూస్తే గాలి ఎటు వాలిందో తెలుస్తుంది. వోయేజర్‌లో అయితే మూడు కప్పులు భూమి వైపు, నాలుగోది వాటికి అడ్డంగా.

వోయేజర్ మాట వచ్చింది కాబట్టి ఇది చెప్పకుండా ఉండలేను. వోయేజర్ 1లో ఈ కప్పుల పరికరం 1980లోనే పాడైంది. 2012 ఆగస్టులో అది సౌర గాలి హద్దు దాటినప్పుడు కొలవడానికి కప్పు లేదు. ఇంకో పరికరం యాంటెన్నాలు ఉన్నాయి. సూర్యుడి మీది ఒక విస్ఫోటనం అలలు 2013లో అక్కడికి చేరి, చుట్టూ ఉన్న ఎలక్ట్రాన్లను గంట కొట్టినట్టు ఊపాయి. ఆ మోత శ్రుతి ఎన్ని ఎలక్ట్రాన్లు ఉన్నాయన్నదాన్ని బట్టే ఉంటుంది. లెక్క వేస్తే ఘన సెంటీమీటరుకు 0.08. హద్దు లోపల ఉన్నదానికంటే అది చాలా ఎక్కువ, అంటే బయటికి వచ్చేసిందని తేలింది. వోయేజర్ 2 కప్పు మాత్రం అప్పటికీ పని చేస్తూనే ఉంది (2024లో ఆపేశారు). 2018 నవంబరు 5న హద్దు దగ్గర గాలి పడిపోవడం అదే నేరుగా చూసింది.

కర్నూలు ఎమ్మెస్సీ

గ్రహాల దగ్గర ఇదే గాలి చేసే పని కూడా పాపకు చెప్పండి అన్నా. అంగారకుడికి మనకున్నట్టు గ్రహమంతా కప్పే అయస్కాంత క్షేత్రం లేదు. మావెన్ నౌక 2014 నుంచి చుట్టూ తిరిగి కొలిస్తే, దాని వాతావరణంలోంచి సెకనుకు సుమారు 100 గ్రాములు ఈ గాలికి ఎగిరిపోతోంది. మన చంద్రయాన్ 1 కూడా చంద్రుడి మీద ఇలాంటిదే కనిపెట్టింది. నేలకు తగిలిన ప్రోటాన్లన్నీ మట్టిలో ఇంకిపోతాయి అనుకునేవారు. దాదాపు ఐదో వంతు హైడ్రోజన్ పరమాణువులై వెనక్కి ఎగిరొస్తున్నాయని తేలింది.

పరికరమే లేకుండా కూడా కొలిచారు. అపోలో 11 వాళ్లు చంద్రుడి మీద అల్యూమినియం రేకును బట్ట ఆరేసినట్టు 77 నిమిషాలు ఎండకు పెట్టి, చుట్టి తెచ్చి, స్విట్జర్లాండ్‌లో కరిగించి లోపల చిక్కిన హీలియం, నియాన్ లెక్క పెట్టారు.

ఉరవకొండ గాలిమర (అనంతపురం)

రేకు సంగతి విని మా పాప వంటింట్లో చపాతీల రేకు ముక్క చించుకుని వచ్చింది. నిన్న రాత్రి ఇద్దరం నెట్‌లో సౌర గాలి వేగం చూపించే గ్రాఫ్ వెతికి చూశాం, అమెరికా వాళ్ల వాతావరణ సంస్థ నోవాది. పాపే లెక్క వేసింది: 15 లక్షల కిలోమీటర్లను 400తో భాగిస్తే 3,750 సెకన్లు, అంటే ఎల్1 దగ్గర దాటిన గాలి ఇక్కడికి చేరడానికి గంటకు పైనే. 800 అయితే అరగంటే. సౌర తుఫాను వస్తే కరెంటు గ్రిడ్ వాళ్లకు జాగ్రత్త పడడానికి దొరికే టైమ్ అంతేనా మాస్టారూ?

కడప ఫిజిక్స్ మాస్టారు

పాప లెక్క సరిగ్గా ఉంది. సూర్యుడి మీద విస్ఫోటనం కనిపించగానే ఒకటి రెండు రోజుల ముందే అంచనా చెప్తారు, కానీ ఆ మేఘం మోసుకొచ్చే అయస్కాంత క్షేత్రం దక్షిణానికి తిరిగి ఉందా లేదా అన్నది ఎల్1 దాటేటప్పుడే గట్టిగా తెలిసేది. దక్షిణానికి ఉంటేనే భూమి క్షేత్రంతో కలిసిపోయి శక్తి లోపలికి దిగుతుంది. ఆ గ్రాఫ్‌లో బీజెడ్ అని ఒక గీత ఉంటుంది, అది సున్నా కిందికి దిగిందంటే దక్షిణం. రేపు రాత్రి ఆ గీత కూడా చూడమనండి.