పాడుబడ్డ బొగ్గుగనుల్ని ఊళ్లే బాగుచేసుకుంటున్నాయి, మన గనుల సంగతేంటి?

చంపావతి_గట్టు:
అమెరికాలోని పెన్సిల్వేనియాలో పాత బొగ్గుగనుల నీళ్లు వాగుల్ని నారింజరంగుకు మార్చేశాయి. బొగ్గుతో ఉండే పైరైట్‌ అనే ఇనుము, గంధకం కలిసిన ఖనిజానికి గాలీ నీరూ తగిలితే ఆమ్లం పుడుతుంది, ఇనుము వాగు అడుగున పేరుకుంటుంది. అక్కడ వాగుల కోసం స్థానికులు పెట్టుకున్న సంఘాలు ప్రభుత్వంతో కలిసి సున్నపురాయి కాలువలు, మడుగులు కట్టి ఆ నీటిని బాగుచేస్తున్నాయి. 1977 నాటి చట్టం ప్రకారం ఇప్పుడు బొగ్గు తవ్వేవాళ్లు టన్నుకింత అని కట్టే డబ్బు పాత గనులకు ఖర్చవుతుంది.

మాది విజయనగరం జిల్లా గరివిడి దగ్గర. ఊరి పైన పాత మాంగనీస్ గోతులు, మట్టి దిబ్బలు. వానొస్తే ఆ మట్టంతా గెడ్డలోంచి మా చెరువులోకే. ఒక సంస్థ వచ్చి దిబ్బలకు రాతికట్టు వేస్తాం, మొక్కలు నాటుతాం, చెరువు పూడిక తీస్తాం, శ్రమదానం, తర్వాత చూసుకోవడం ఊరి వంతు అని ఒప్పంద పత్రం ఇచ్చింది. వచ్చే వారం గ్రామసభ. చేరాలనే అంటాను.

కోడూరైట్:
విజయనగరం జిల్లాలో బొగ్గెక్కడుంది బాబూ? ముందు శీర్షిక మార్చండి. మన దేశంలో మాంగనీస్ తవ్వకం 1892లో మొదలైందే మన కోడూరులో. ఆ ఊరి పేరు మీద ఒక రాయికే పేరుంది. బొగ్గు కథ తెచ్చి మాంగనీస్‌కు అతికిస్తే ఎలా?

నెల్లిమర్లవాడు:
పూడిక మట్టి పొలాలకు తోలుకోనిస్తారా? ట్రాక్టరుకు ఎంత?

ఆయకట్టు_రైతు:
మా ఊళ్లో ఇలాంటి భాగస్వామ్యం ఒకసారి చూశాను. వాననీటిని ఆపే పనులకని వాటర్‌షెడ్ కమిటీ అన్నారు, యూజర్ గ్రూపులన్నారు, రైతు వాటా అన్నారు. వాటా కట్టాను, రసీదు ఇప్పటికీ ట్రంకు పెట్టెలో ఉంది. మా పొలం పైన కట్టిన చెక్‌డ్యాం రెండో వానకే కొట్టుకుపోయింది. ఆఫీసుకెళ్తే రిజిస్టరు చూపించారు. 'పని బాగుంది' అని నేను సంతకం పెట్టినట్టుంది. నేను వేలిముద్ర వేసేవాణ్ణి కాదు, చదువుకున్నవాణ్ణి. ఆ సంతకంలో నా ఇంటిపేరే తప్పు. అప్పట్నుంచి 'ప్రజల భాగస్వామ్యం' అన్న మాట వింటే ఒళ్లు మండుతుంది.

చంపావతి_గట్టు:
ఒకసారి మోసం జరిగిందని చెరువు పూడిపోనివ్వాలా అన్నా? డబ్బుకు దారుంది. 2015లో వచ్చిన జిల్లా ఖనిజ నిధికి, ఆ ఏడాది జనవరి 12కి ముందున్న లీజులవాళ్లు రాయల్టీలో, అంటే తవ్విన ఖనిజానికి ప్రభుత్వానికి కట్టే సొమ్ములో 30 శాతం, తర్వాత వేలంలో తీసుకున్నవాళ్లు 10 శాతం కట్టాలి. గనుల వల్ల దెబ్బతిన్న ఊళ్ల తాగునీటికి, పర్యావరణానికి ఆ డబ్బు వాడాలి. వదిలేసిన గనికి రాయల్టీ ఉండదు, నిజమే. కానీ జిల్లాలో నడుస్తున్న గనుల డబ్బు ఉంటుంది కదా.

హ్యూస్టన్_బొబ్బిలి:
నేనుండే అమెరికా సంగతి ఒకటి చెప్తాను. ఇక్కడ సాయం చేద్దామని పాత గని నీటిని ముట్టుకున్నవాళ్ల మీదే 'ఇక ఈ కాలుష్యం నీదే' అని కేసు పడే భయం ఉండేది. అందుకే పెన్సిల్వేనియా 1999లో అలాంటివాళ్లను కాపాడే చట్టం చేసుకుంది. దేశం మొత్తానికి వచ్చింది 2024 డిసెంబరులో, అదీ బొగ్గు కాని ఖనిజ గనులకు, ప్రయోగంగా 15 ప్రాజెక్టులకే. రేపు ఆ రాతికట్టు కూలితే బాధ్యత సంస్థదా, ఊరిదా? కాగితంలో ఏం రాశారు?

కోడూరైట్:
ఇంకో మాట. ఇనుము పోయినంత తేలిగ్గా మాంగనీస్ నీటినుంచి పోదు, నీళ్లు ఇంకా క్షారంగా మారాలి. తాగునీటిలో లీటరుకు 0.1 మిల్లీగ్రాములు దాటకూడదు, వేరే దిక్కులేకపోతే 0.3. మీ చెరువులో ఎంతుందో ఎవరైనా పరీక్ష చేయించారా? లేదు. మొక్కలు మాత్రం నాటేస్తారు.

దిబ్బ_కింద:
అందరూ చెరువు అంటున్నారు. మా కాలనీ దిబ్బల కిందే ఉంది. మా అమ్మ, పిన్నమ్మ ఆ దిబ్బల్లో మాంగనీస్ రాయి ఏరి గంపల్లో అమ్మి మమ్మల్ని చదివించారు. ఇప్పటికీ పదిళ్లవాళ్లు ఏరుతున్నారు. రాతికట్టు కట్టి, మొక్కలు నాటి, కంచె వేస్తే వాళ్లెక్కడికి పోవాలి?

ఆయకట్టు_రైతు:
అదీ అసలు సంగతి! దిబ్బ గెలికి మట్టి వదులు చేసేది మీరే. ఆ మట్టే మా చెరువుల్లో పడుతోంది. ఊరి చెరువు పోయినా మీకేటి నష్టం?

దిబ్బ_కింద:
నిజమే, మాకేటి నష్టం? ఆయకట్టులో మాకు సెంటు భూమి లేదు. చేపల వేలం డబ్బు మా వీధి ముఖం చూడలేదు. కంచె లేని ఆ గోతిలో పడి మా పెదనాన్న కొడుకు చనిపోతే, పది రోజులు ఊరంతా జాలిపడింది, అంతే. ఇప్పుడు శ్రమదానం అనేసరికి మా కాలనీ గుర్తొచ్చింది. గంపకు వచ్చే పాతికో పరకో మీ ట్రాక్టరు మట్టి కంటే ఎక్కువా?

మోడరేటర్:
ఒకరు కులం పేరెత్తి పోస్టు పెట్టారు, ఆ పోస్టు తొలగించాను. మళ్లీ రాస్తే ఖాతా ఉండదు.

చంపావతి_గట్టు:
తమ్ముడూ, కోపంలో న్యాయముంది. ఛత్తీస్‌గఢ్‌లో కేనాపారా అనే చోట వదిలేసిన బొగ్గుగని గోతిలో మహిళా సంఘాలు చేపలు పెంచుతున్నాయి, పడవలు నడుపుతున్నాయి. మన ఒప్పందంలో కూడా గోతుల్లో చేపల పెంపకం ఉంది. హక్కు గ్రామ కమిటీకి.

దిబ్బ_కింద:
కమిటీలో ఎవరెవరున్నారు?

చంపావతి_గట్టు:
తొమ్మిది మంది.

దిబ్బ_కింద:
ఎంతమందని కాదు అన్నా, ఎవరని అడిగాను.

చంపావతి_గట్టు:
అందరూ ఆయకట్టుదారులే. నేనూ ఒకణ్ణి. కాగితం వాళ్లు తెచ్చారు, పేర్లు మేం రాశాం. కాలనీ నుంచి ఎవర్నీ పిలవలేదు, ఆ ఆలోచనే రాలేదు.

ఆయకట్టు_రైతు:
ఇది మొదటి పోస్టులోనే చెప్పాల్సింది. నా పేరు దొంగసంతకంతోనైనా రాశారు, మీరు వీళ్ల పేరే రాయలేదు.

దిబ్బ_కింద:
ఏరేవాళ్లు ముగ్గురిని అందులో వేసి, చేపల్లో వాటా ఎంతో అంకె రాసి, గ్రామసభకు ముందు మా వీధిలో చదివి వినిపించండి. అప్పుడు దిబ్బ గురించి మాట్లాడతాం.

నెల్లిమర్లవాడు:
ట్రాక్టరుకు ఎంతో ఎవరూ చెప్పలేదు.

కోడూరైట్:
శీర్షికలో బొగ్గు ఇంకా అలాగే ఉంది.