పరీక్షల్లేని ఏడాదిలో ఇయర్ 11 బాబు, ఇంటర్ అయిన పాప: ఏం చేయమంటారు?

రెడింగ్ (కొత్తగా వచ్చాం), మార్చి 20, 2021

అందరికీ నమస్కారం. డిసెంబర్‌లో కూకట్‌పల్లి నుంచి ఇక్కడికి, ఇంగ్లండ్‌కు వచ్చాం. మావారిది ఐటీ, కంపెనీయే పంపించింది. బాబు నిరుడు తెలంగాణలో పదో తరగతి. మూడు పేపర్లు రాశాక కరోనాతో పరీక్షలు ఆగిపోయి, జూన్‌లో ఇంటర్నల్ మార్కుల మీద జీపీఏ ఇచ్చి అందరితో పాటు పాస్ చేశారు. ఇక్కడ వయసు చూసి ఇయర్ 11లో వేశారు. రెండు నెలలు లాప్‌టాప్ ముందే గడిచిపోయాయి, ఈ నెల 8 నుంచి బడికి వెళ్తున్నాడు. ఇప్పుడేమో జీసీఎస్ఈ (ఇయర్ 11 చివర్లో రాసేవి, మన పదో తరగతి లాంటివి) పరీక్షలు లేవు, టీచర్లే గ్రేడ్లు వేస్తారంటున్నారు. వీడి మొహం కూడా సరిగ్గా చూడని టీచర్ ఏం గ్రేడ్ వేస్తుంది? ‘అక్కడా పరీక్ష రాయలేదు, ఇక్కడా రాయలేదు, నా సర్టిఫికెట్ ఎవరు నమ్ముతారమ్మా’ అంటున్నాడు. వాడి టెన్షన్ మాకూ పట్టుకుంది.

పాపది ఇంటర్ ఎంపీసీ, 94 శాతం. సెప్టెంబర్‌లో మాస్కు పెట్టుకుని ఎంసెట్ కూడా రాసింది కానీ అనుకున్న ర్యాంకు రాలేదు. ఇక్కడే కంప్యూటర్ సైన్స్ చదవాలని ఉంది. యూనివర్సిటీ అప్లికేషన్లకు జనవరి 29 గడువు దాటిపోయిందని మొన్ననే తెలిసింది. మూడేళ్లు ఇక్కడుంటే హోమ్ ఫీజు (ఇక్కడివాళ్లు కట్టే తక్కువ ఫీజు) వస్తుంది, అందాకా ఏదో ఒక కోర్సులో పెట్టండని తెలిసినవాళ్లు చెప్పారు. నిజమేనా?

స్లౌ

అక్కా, ముందు బాబు సంగతి. నిరుడు జరిగింది విని భయపడుతున్నట్టున్నారు. 2020లో ఎ-లెవెల్ (మన ఇంటర్ లాంటిది) గ్రేడ్లను ఒక ఫార్ములాతో సవరించారు, ఆగస్టు 13న ఫలితాలొస్తే ఇంగ్లండ్‌లో టీచర్లు వేసిన గ్రేడ్లలో దాదాపు 40 శాతం తగ్గిపోయి ఉన్నాయి. పిల్లలు రోడ్లెక్కారు. నాలుగు రోజులకే, 17న, ప్రభుత్వం వెనక్కి తగ్గి టీచర్ల గ్రేడ్లే ఖాయం చేసింది. ఈసారి ఆ ఫార్ములా లేదు. బడి వేసిన గ్రేడే గ్రేడ్, నచ్చకపోతే అప్పీలు ఉంది. సర్టిఫికెట్ మీద ‘పరీక్ష రాయలేదు’ అని ఎక్కడా ఉండదు. వాడికి ముందు ఆ మాట చెప్పండి.

లెస్టర్ (మ్యాథ్స్ టీచర్)

మీ బడి పద్ధతి నాకు తెలియదు కానీ, ఫిబ్రవరి 25న ప్రకటించిన నియమాలు ఇంగ్లండ్ అంతటికీ ఒకటే. పాఠం చెప్పినదాని మీదే గ్రేడ్ వేయాలి. ఆధారాలుగా మాక్ (నమూనా) పరీక్షలు, క్లాసు టెస్టులు, కోర్స్‌వర్క్ ఏవైనా తీసుకోవచ్చు. నెలాఖరుకు ఎగ్జామ్ బోర్డులు ఇచ్చే ప్రశ్నలు వాడాలా వద్దా అన్నది బడి ఇష్టం. గ్రేడ్లు జూన్ 18 లోపు పంపాలి.

మీవాడి చిక్కు ఎక్కడంటే, వాడు వచ్చేసరికి చాలా బడుల్లో మాక్‌లు అయిపోయాయి. వాడి పేరు మీద కాగితాలు లేవు. కాబట్టి ఇప్పటినుంచి మే దాకా క్లాసులో పెట్టే ప్రతి చిన్న టెస్టూ వాడికి అసలు పరీక్షే. ‘ఊరికే క్లాస్ టెస్టమ్మా’ అంటే నమ్మకండి.

సోమవారం హెడ్ ఆఫ్ ఇయర్‌కు, ఎగ్జామ్స్ ఆఫీసర్‌కు కలిపి ఒకే మెయిల్ పెట్టండి. ఏ ఏ సబ్జెక్టుల్లో ఎంట్రీ వేశారు, ఒక్కోదానికి దేన్ని ఆధారంగా తీసుకుంటారు, మిస్సయిన మాక్‌కు బదులు ఇంకో పేపర్ రాయనిస్తారా అని అడగండి. గ్రేడ్ ఎంతో ముందే చెప్పరు. ఏ ఆధారాలు వాడుతున్నారో మాత్రం పిల్లలకు చెప్పి తీరాలి.

సబ్జెక్టుల సంఖ్య మీద మోజు వద్దు. సిక్స్త్ ఫామ్‌కు (ఎ-లెవెల్స్ చదివే రెండేళ్లు) మామూలుగా ఐదు సబ్జెక్టుల్లో మంచి గ్రేడ్లు అడుగుతారు. మ్యాథ్స్, ఇంగ్లిష్ లాంగ్వేజ్, రెండు జీసీఎస్ఈల లెక్కన వచ్చే కంబైన్డ్ సైన్స్, ఇంకొకటి, చాలు. ఇంగ్లిష్ లిటరేచర్‌లో షేక్‌స్పియర్ నాటకం, ఒక నవల, కవితలు అన్నీ ఉంటాయి. మిగతావాళ్లు ఎప్పటినుంచో చదువుతున్నది వీడికి రెండు నెలల్లో ఎక్కదు. దాన్ని వదిలేయొచ్చా అని అడగడంలో తప్పులేదు.

లెక్కల్లో మన పిల్లలకు ఢోకా లేదు. త్రికోణమితి, వర్గ సమీకరణాలు పదిలోనే నలిగిపోయి ఉంటాయి. హిస్టోగ్రాములు, వెక్టర్లు ఒకసారి చూసుకుంటే సరి. ఇబ్బంది పడేది ఇంగ్లిష్ దగ్గరే. ఒక పేరా ఇచ్చి, రచయిత తుపానును ఎలా చూపించాడో రాయమంటారు. మనవాళ్లు ఆ పేరానే సొంత మాటల్లో మళ్లీ రాసేస్తారు. గ్రామర్ తప్పులుండవు, మార్కులూ ఉండవు. గాలి వీచింది అనకుండా గాలి అరిచింది అని ఎందుకన్నాడు, అది చదివితే లోపల ఏమనిపించింది, ఆ తర్వాతి వాక్యం ఎందుకంత పొట్టిగా ఉంది... ఇలా ఒక్క మాటను పట్టుకుని నాలుగు వాక్యాలు రాయాలి. రోజుకో పేరా ఇలా రాయించండి. నెల తిరిగేసరికి తేడా మీకే కనిపిస్తుంది. మ్యాథ్స్, ఇంగ్లిష్ లాంగ్వేజ్‌లలో 4 (పాస్ గ్రేడ్) రాకపోతే సిక్స్త్ ఫామ్‌కు వెళ్లినా అవి మళ్లీ చదవాల్సిందే, అందుకే ఇంత చెప్తున్నాను.

ఒక్కటి మాత్రం చేయకండి. ‘మావాడిని కాస్త చూసి వేయండి’ అని టీచర్‌కు మెయిల్ పెట్టొద్దు. తల్లిదండ్రులు ఒత్తిడి తెస్తే బడి ఆ సంగతి రాసిపెట్టుకోవాలి, ఎగ్జామ్ బోర్డు దాకా వెళ్లినా వెళ్తుంది. మన దగ్గర మామూలుగా అనేసే మాటే, ఇక్కడ పిల్లాడి మెడకు చుట్టుకుంటుంది.

పదో తరగతి మెమో జాగ్రత్త. సిక్స్త్ ఫామ్ వాళ్లు అడిగితే దానికి ఈనిక్ (విదేశీ చదువులను ఇక్కడి చదువులతో పోల్చి చెప్పే సంస్థ) నుంచి పోలిక పత్రం తీసుకోవచ్చు. మొన్నటిదాకా నారిక్ అనేవారు, ఈ నెల 1 నుంచి పేరు మార్చారు.

హారో

పాప విషయంలో నా మాట వినండి. జులైలో మళ్లీ ఎంసెట్ ఉంది కదా, హైదరాబాద్ పంపి అమ్మమ్మగారింట్లో పెట్టి బీటెక్ చేయించండి, మాస్టర్స్‌కు ఇక్కడికి రావచ్చు. లేదా ఇక్కడే ఎ-లెవెల్స్‌లో వేసి మూడేళ్లు గడిపితే హోమ్ ఫీజు. మా బంధువుల అమ్మాయికి అలాగే వచ్చింది.

మాంచెస్టర్

అన్నా, మీ బంధువులకు ఐఎల్ఆర్ (ఇక్కడ శాశ్వతంగా ఉండే అనుమతి) కూడా వచ్చి ఉంటుంది, అడిగి చూడండి. మూడేళ్లు అన్నది సగం మాట. కోర్సు మొదలయ్యే నాటికి సెటిల్డ్ (అలాంటి శాశ్వత అనుమతి ఉన్నవాళ్లు) అయి ఉండాలి, దానికి తోడు మూడేళ్ల నివాసం. వర్క్ వీసా మీదున్నవాళ్ల పిల్లలు ఎన్నేళ్లున్నా మామూలుగా ఓవర్సీస్ (విదేశీ విద్యార్థుల) లెక్కే. కొన్ని మినహాయింపులు ఉన్నాయి, యూకేసీఐఎస్ఏ (విదేశీ విద్యార్థులకు సలహాలిచ్చే సంస్థ) సైట్‌లో ఫీ స్టేటస్ పేజీ చదవండి. కోర్సు మధ్యలో ఐఎల్ఆర్ వచ్చినా ఆ కోర్సుకు సాధారణంగా ఫీజు మారదు.

ఇప్పుడు, 2021లో, హోమ్ ఫీజు ఏడాదికి 9,250 పౌండ్లు. ఓవర్సీస్ అంటే చాలాచోట్ల దానికి రెట్టింపు, పైగా ఇక్కడి స్టూడెంట్ లోన్ రాదు. నన్నడిగితే కరోనా గొడవ కన్నా మీ ఇంట్లో ముందు తేల్చుకోవాల్సింది ఇదే.

అడ్మిషన్ సంగతికొస్తే, జనవరి 29 దాటితే తలుపులు మూసేసినట్టు కాదు. ఆ లోపు వచ్చినవాటిని సమానంగా చూస్తారు, అంతే. సీట్లున్న యూనివర్సిటీలకు యూకాస్‌లో (యూనివర్సిటీ అడ్మిషన్లకు అప్లై చేసే సైట్) జూన్ 30 దాకా పెట్టుకోవచ్చు, జులై 5 నుంచి క్లియరింగ్ (మిగిలిన సీట్ల భర్తీ). పెద్ద పేర్లలో కంప్యూటర్ సైన్స్ నిండిపోయి ఉంటుంది. ఇక్కడి పిల్లలు ఆగస్టు 10న ఏం గ్రేడ్లొస్తాయో అని గుండె చేత్తో పట్టుకుని కూర్చున్నారు. మీ పాపది నిరుడు మార్చిలో హాల్లో కూర్చుని రాసిన పరీక్ష, మార్కుల మెమో చేతిలో ఉంది. పాపకు అది ప్లస్ పాయింటే. అయితే కొన్ని యూనివర్సిటీలు సీబీఎస్ఈ, ఐసీఎస్ఈ వాళ్ల 12నే నేరుగా తీసుకుంటాయి, స్టేట్ బోర్డు అయితే ఎక్కువ శాతమో ఫౌండేషన్ ఇయరో అడుగుతాయి. ప్రతి యూనివర్సిటీ సైట్‌లో ఇండియా పేజీ ఉంటుంది, అది చూడకుండా అప్లై చేయకండి. రిఫరెన్స్‌కు ఇంటర్ కాలేజీ లెక్చరర్‌కు ఇప్పుడే ఫోన్ చేయండి. లాక్‌డౌన్ తర్వాత ఎవరు ఎక్కడున్నారో పట్టుకోవడానికే వారం పడుతుంది.

రెడింగ్ (కొత్తగా వచ్చాం)

అందరికీ చాలా థ్యాంక్స్. బాబు బడికి మెయిల్ రాసి ఉంచాను, సోమవారం పొద్దున్నే పంపిస్తాను. మావారిది ఐసీటీ వీసా (కంపెనీ తన ఉద్యోగిని ఇక్కడి ఆఫీసుకు పంపేది). దీంట్లో ఐదేళ్లకు ఐఎల్ఆర్ వస్తుందిగా?

మాంచెస్టర్

రాదక్కా. ఐసీటీలో ఎన్నేళ్లున్నా ఐఎల్ఆర్‌కు దారి లేదు. నిరుడు డిసెంబర్ 1 నుంచి దేశం వదలకుండానే స్కిల్డ్ వర్కర్ వీసాకు మారొచ్చు, కంపెనీ స్పాన్సర్ చేస్తుందేమో హెచ్ఆర్‌ను అడగమనండి. అయినా పాప ఫీజుకు ఈ ఏడాది అది పనికిరాదు. ఓవర్సీస్ ఫీజు భరించలేం అనుకుంటే హారో అన్న చెప్పిన బీటెక్ దారే నయం, అందులో మాత్రం ఆయనతో ఏకీభవిస్తాను. కాకపోతే పాపకు 18 నిండాక మొదటిసారి డిపెండెంట్ వీసా ఇవ్వరు. ఇప్పుడున్నది గడువు తప్పిపోతే మళ్లీ దొరకడం కష్టం. పంపేముందు ఇమిగ్రేషన్ లాయర్‌ను ఒక్కసారి కనుక్కోండి.

ఎడిన్‌బరో

మా అమ్మాయి హయ్యర్స్ (స్కాట్లాండ్‌లో యూనివర్సిటీకి ముందు రాసే పరీక్షలు) చదువుతోంది. ఈ జూన్ 18, ఆగస్టు 10 మాకూ వర్తిస్తాయా?

లెస్టర్ (మ్యాథ్స్ టీచర్)

జూన్ 18 వర్తించదండీ. ఫలితాలు మాత్రం అక్కడా ఆగస్టు 10నే. స్కాట్లాండ్‌లో పరీక్షల బోర్డు (ఎస్‌క్యూఏ) వేరు, గ్రేడ్లు పంపే తేదీ వేరు, ఫీజుల పద్ధతీ వేరే. అక్కడ నేషనల్ 5 (జీసీఎస్ఈ లాంటివి) పరీక్షలు అక్టోబర్‌లోనే, హయ్యర్స్ డిసెంబర్‌లో రద్దు చేశారు. మీ ప్రశ్న విడిగా పెట్టండి, గ్లాస్గోవాళ్లు చెప్తారు.